తుత్తురుబెండ: పెరట్లో పెంచాల్నా, గట్టు మీద పీకాల్నా?

పోయిన నెల సంచికలో ఓ పాఠకురాలు పంపిన ఫొటో వేశాం. గుండె ఆకారం ఆకులు, పసుపు పూలు, చుట్టూ పళ్లున్న గుండ్రటి కాయలతో గుబురుగా ఉన్న మొక్క. ‘దీని పేరేంటి?’ అని అడిగితే, తుత్తురుబెండ అని ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకున్నాం. దాంతో నల్లగొండ నుంచి గద్వాల దాకా ప్రశ్నలు మొదలయ్యాయి. కొందరికి ఇది పెంచుకునే మందు మొక్క, కొందరికి ఎంత పీకినా పోని కలుపు. నా మాట ముందే చెప్పేస్తా: ఇంటి దగ్గర నిక్షేపంగా పెంచుకోండి, పత్తి, బెండ చేల పక్కన మాత్రం ఉండనివ్వకండి. ఎందుకో, ఎట్లాగో కింది జవాబుల్లో ఉంది.

మా ఇంటి వెనక ఖాళీ ప్లాటులో మీరు ఫొటో వేసిన మొక్కలాంటిదే పెరిగింది. మా అత్తమ్మ దువ్వెన చెట్టు అంటారు, మా అమ్మ ముద్రబెండ అంటుంది, యూట్యూబ్‌లో ఒకాయన అతిబల అంటున్నాడు. మూడూ ఒకటేనా? గుర్తుపట్టేదెట్లా?
*ఓ పాఠకురాలు, నకిరేకల్*

మూడూ ఒకటేనమ్మా. శాస్త్రం పుస్తకాల్లో దీని పేరు అబుటిలాన్ ఇండికం. పత్తి, బెండ, పుంటికూర, మందారం, గంగరావి ఏ కుటుంబమో ఇదీ ఆ కుటుంబమే. అందుకే పువ్వు మధ్యలో కేసరాలన్నీ కలిసి చిన్న గొట్టంలా నిలబడి ఉంటాయి, ఆకు నలిపితే బెండకాయ జిగురులాంటి జిగురు వేళ్లకు అంటుతుంది.

ఎత్తు 1 నుంచి 2 మీటర్లు. ఆకు గుండె ఆకారంలో ఉండి, అంచుకు చిన్న చిన్న పళ్లుంటాయి, కాడ పొడుగు. ఆకు రెండు వైపులా సన్నటి నూగు ఉండటంతో ముట్టుకుంటే మఖమల్ గుడ్డ ముట్టుకున్నట్టుంటుంది, దూరం నుంచి చూస్తే మొక్క మొత్తం బూడిద చల్లిన పచ్చరంగులో కనిపిస్తుంది. పువ్వులు గుత్తులుగా రావు, ఆకు మొదట్లో ఒక్కొక్కటే వస్తుంది. నారింజ ఛాయ ఉన్న పసుపు, వెడల్పు రెండు, రెండున్నర సెంటీమీటర్లు. చాలామంది పొద్దున పోయి చూసి ‘మా మొక్కకు పూలే లేవు’ అంటారు. ఇది మధ్యాహ్నం దాటాక విచ్చుకునే రకం, సాయంత్రం నాలుగైదు గంటలకు పోయి చూడండి.

అయితే అసలు గుర్తు కాయే. 15 నుంచి 20 దాకా చిన్న గదులు చక్రంలా అమరి, ఒక్కో గది కొసన ఒక మొన బయటికి పొడుచుకొని ఉంటుంది. పచ్చికాయతో ఆడపిల్లలు బొమ్మల జుట్టు దువ్వేవాళ్లు, అదే కాయను తడిమట్టి మీద ఒత్తితే చక్కటి అచ్చు పడుతుంది, మీ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లూ చెప్పిన పేర్లు రెండూ అక్కడివే. కాయ ఎండితే నల్లబడి గదులు విడిపోతాయి, ఒక్కోదాంట్లో రెండు మూడు గింజలుంటాయి.

పోలికలున్న మొక్కలు ఇంకో మూడున్నాయి. అబుటిలాన్ హిర్టం అనే దానికి పువ్వు మధ్యలో ముదురు ఎరుపు మచ్చ ఉంటుంది, కాండం మీది నూగు చేతికి అంటుకుంటుంది. ఇంకొకటి నేల మీద పాకినట్టు పెరుగుతుంది, దాని కాయ గాలి నింపిన బుడగలా పలచగా ఉంటుంది. మూడోది చిరుబెండ, ఆయుర్వేదంలో ‘బల’ అంటారు. ఇది పొట్టి మొక్క, పువ్వూ కాయా రెండూ చిన్నవి, కాయకు దువ్వెన ఆకారం రాదు. ఈ చిరుబెండతోనే అసలు గందరగోళం. మనవాళ్లే తికమక పడ్డారనుకోకండి, మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ కూడా 1756లో తుత్తురుబెండను చిరుబెండ జాతిలోనే, సైడా ఇండికా అన్న పేరుతో చేర్చాడు. 1826లో ఇంగ్లండు వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ స్వీట్ దాన్ని అబుటిలాన్‌లోకి మార్చాడు. అలంకారానికైతే ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు గానీ, నోట్లోకి పోయే మందుకైతే పట్టించుకొని తీరాలి. కింద ఒక తమ్ముడి సంగతిలో మళ్లీ వస్తుంది.

కాయలు తెచ్చి కుండీలో చల్లిన. నెల దాటినా ఒక్కటీ మొలవలే. రోడ్డు పక్కన మాత్రం ఎవరూ చల్లకుండనే వస్తున్నయి. మట్టి మార్చాల్నా?
*ఓ పాఠకుడు, హాలియా*

మట్టిది తప్పు కాదన్నా, గింజ పెంకుది. తుత్తురుబెండ గింజ పైతోలు బాగా గట్టి, నీళ్లు లోపలికి పోనివ్వదు. రోడ్డు పక్కన పడ్డ గింజ ఎండకు ఎండి, వానకు తడిసి, రాళ్లకు ఒరుసుకొని, ఏడాదికో రెండేళ్లకో తోలు మెత్తబడ్డాకే మొలుస్తుంది. మీరు చూసినవి నిన్నా మొన్నా రాలిన గింజలు అయ్యుండవు. ఒకేసారి రాలినవన్నీ ఒకేసారి మొలవవు కూడా, దఫాదఫాలుగా వస్తాయి. కలుపుగా అది ఇంత మొండిగా ఉండటానికి కారణమూ అదే.

ఇంట్లో మనం ఆ పనిని ఒక్క రాత్రిలో చేయొచ్చు. నల్లబడి ఎండిన కాయల నుంచి గింజలు తీసి, గరుకు కాగితం మీద వేసి మెల్లగా రుద్దండి, పైతోలు గీతలు పడితే చాలు, లోపలి పప్పు బయటపడొద్దు. కాగితం లేకపోతే నీళ్లు మరగబెట్టి పొయ్యి మీద నుంచి దింపాక గింజలు అందులో వేసి, ఆ నీళ్లలోనే తెల్లారేదాకా వదిలేయండి. ఉబ్బినవి విత్తండి, ఉబ్బనివాటికి ఇంకోసారి అదే పని చేయండి. అర సెంటీమీటరు కంటే లోతు వద్దు. వారం, పది రోజుల్లో మొలకలు రావాలి.

కుండీ కనీసం 12 అంగుళాలది తీసుకోండి, తల్లివేరు లోతుకు పోతుంది కాబట్టి వెడల్పు కంటే లోతు ముఖ్యం. అదే కారణంగా పెద్ద మొక్కను పీకి మళ్లీ నాటితే చాలాసార్లు చచ్చిపోతుంది, నాలుగైదు ఆకులప్పుడే మార్చేయాలి, లేదంటే ఎక్కడ పెంచాలో అక్కడే విత్తాలి. నేలలో అయితే మిరుగం వానలు పడ్డాక వేసుకోవడం తేలిక, మొక్కకూ మొక్కకూ రెండు మూడు అడుగులు వదలండి.

మన చెల్క నేల, దుబ్బ నేల దీనికి బ్రహ్మాండంగా సరిపోతాయి. ఏడాదికి 600, 750 మిల్లీమీటర్ల వాన పడే మన వైపు జిల్లాల్లో దీన్ని ఎవరూ తడిపి పెంచలేదు కదా. పూర్తి ఎండ కావాలి, నీడలో పెడితే సాగిపోయి పూలు తగ్గుతాయి. యూరియా వేయకండి, ఆకు దట్టంగా వచ్చి పూత వెనకబడుతుంది, పైగా పేనుబంక పట్టుకుంటుంది. వేసవికి ముందు ఒకసారి మోకాలి ఎత్తుకు కత్తిరిస్తే వానలకు మళ్లీ గుబురుగా వస్తుంది. రెండు మూడేళ్లు అట్లా లాగించొచ్చు, తర్వాత కట్టెబారిపోతుంది, కొత్తది వేసుకోవాలి.

ఒక్క పని మాత్రం మరవొద్దు. కాయలు నల్లబడి విచ్చుకోకముందే తెంపేయండి. విత్తనానికి కావాల్సినవి రెండు మూడు ఉంచుకోండి, మిగతావి అట్లనే వదిలేస్తే వచ్చే ఏడాది మీ పక్కింటివాళ్లు మాకు ఉత్తరం రాస్తారు.

మేం సీడ్ పత్తి, అంటే విత్తనం కోసం పండించే పత్తి చేస్తం. చేను చుట్టూ తుత్తురుబెండ ఉంది. దాని పుప్పొడి పడితే విత్తనం కల్తీ అయితదని, శాంపిల్ ఫెయిలయితదని ఒకాయన భయపెట్టిండు. టెన్షన్‌గా ఉంది.
*ఓ రైతు, గద్వాల మండలం*

ఆ టెన్షన్ వదిలేయండి. కుటుంబం ఒకటే గానీ జాతులు వేరు, తుత్తురుబెండ పుప్పొడితో పత్తి గింజ కట్టదు. మీ విత్తనం స్వచ్ఛతకు ముప్పు పక్క చేలో ఉన్న వేరే రకం పత్తి నుంచి వస్తుంది, మగ మొక్కల వరుసలు కలిసిపోవడం నుంచి వస్తుంది, సాయంత్రం మొగ్గలు గిల్లేటప్పుడు కేసరాలు సగం మిగిలిపోవడం నుంచి వస్తుంది. క్రాసింగ్ పని, అంటే మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు చేత్తో అంటించే పని, మీరు పొద్దున చేస్తారు, తుత్తురుబెండ పువ్వు విచ్చుకునేదే మధ్యాహ్నం తర్వాత.

అయినా దాన్ని పీకండి. కారణం వేరు, కింది ప్రశ్నకు ఇచ్చిన జవాబు చదవండి, సీడ్ పత్తి వాళ్లకు అది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, మీ దగ్గర ఒక్కో కాయకూ కూలి ఖర్చు పడుతుంది కాబట్టి.

పోయిన ఏడు పత్తికి తెల్లగా పిండిలాంటి పురుగు పట్టింది. మా వైపు గట్ల మీద తుత్తురుబెండకు కూడా అదే ఉండె. చేన్ల నుంచి దానికి పోయిందా, దాని నుంచి చేన్లకు వచ్చిందా? పీకి పడేస్తే సరిపోతుందా?
*ఓ రైతు, చండూరు*

మంచి ప్రశ్న పెద్దాయనా. రెండు దిక్కులా పోతుంది. పత్తి ఉన్నన్ని రోజులు పత్తి మీద బతుకుతుంది, పత్తి తీసేశాక ఎండాకాలమంతా గట్టు మీది తుత్తురుబెండ, వయ్యారిభామ మీద తలదాచుకుంటుంది, మళ్లీ మీరు విత్తనం పెట్టగానే దిగుతుంది. పత్తికి వచ్చే ఈ పిండినల్లి ఉత్తర అమెరికా నుంచి వచ్చిన పురుగు. 2006, 2007 ప్రాంతంలో గుజరాత్‌లో, పంజాబ్‌లో పత్తిని గట్టిగా దెబ్బకొట్టింది.

పిండినల్లి ఒక్కటే అయితే ఇంత చెప్పేవాడిని కాదు. తెల్లదోమ దీని ఆకుల అడుగున బతుకుతుంది, మచ్చల పురుగు దీని మొగ్గల్ని, కాయల్ని తొలుస్తుంది, ఎర్రగా నల్ల మచ్చలతో జంటలు జంటలుగా తిరిగే పురుగులు, పగిలిన పత్తి మీద కనిపించి దూదికి మరక పెట్టేవి, దీని గింజల రసం పీల్చి బతుకుతాయి. పత్తికి, బెండకు వచ్చే చీడల్లో చాలావాటికి ఎండాకాలపు మకాం ఇదేనన్నమాట. గట్ల మీది తుత్తురుబెండను తీసేయమని వ్యవసాయ శాఖ వాళ్లు పదే పదే చెప్పేది అందుకే.

తీసే పద్ధతి ముఖ్యం. పిండినల్లి పట్టిన మొక్కను పీకి చేను మధ్యలోంచి ఈడ్చుకుంటూ పోతే పురుగును మీరే విత్తినట్టు. దాని పిల్లలు కంటికి ఆననంత చిన్నవి, గాలికి, బట్టలకు, పనిముట్లకు, గొర్రెల వెంట్రుకలకు అంటుకొని పోతాయి, చీమలు కూడా మోసుకుపోతాయి. అక్కడికక్కడే యూరియా సంచిలో కుక్కి మూతి కట్టి బయటికి తెచ్చి కాల్చేయండి. గట్టు మీద కొడవలితో కోస్తే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది, గడ్డపారతో వేరుదాకా లేపాలి. రోహిణి కార్తెలో, వానలకు ముందే ఈ పని అయిపోవాలి, అప్పటికి కాయలు ఎండి ఉంటే గింజ రాలకుండా కాయల్ని ముందు సంచిలోకి తెంపుకొని తర్వాత మొక్కను లేపండి.

చేనులో అక్కడక్కడ రెండు మూడు మొక్కలకే పిండినల్లి కనిపిస్తే చేను మొత్తానికి మందు కొట్టకండి, ఆ మొక్కలకే కొట్టండి. దీన్ని తినే చిన్న కందిరీగ మన చేలలోనే ఉంది, అది గుడ్డు పెట్టిన పిండినల్లి తెలుపు పోయి గోధుమ రంగుకు తిరిగి గట్టిపడుతుంది. అట్లాంటివి ఎక్కువగా కనిపిస్తున్నాయంటే పని దానంతట అదే జరుగుతోందని అర్థం. అప్పుడు ఘాటు మందు కొడితే ముందు చచ్చేది కందిరీగే, పిండినల్లి మైనం పొర కింద హాయిగా ఉంటుంది. తెల్లదోమకైతే ఎకరానికి 10 దాకా పసుపు జిగురు అట్టలు పెట్టండి, మొదట్లోనే వేపనూనె 1500 పీపీఎం రకం లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు కలిపి ఆకు అడుగు తడిచేట్టు కొట్టండి.

ఇంకో మాట. బెండతోట వేసేవాళ్లు కూడా ఇది చదవండి. ఆకుల ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులు వైరస్‌ను మోసేది తెల్లదోమే. తెల్లదోమకు మకాం ఎక్కడో పైన చెప్పాను.

మా బాపుకు మొలలు, షుగర్ రెండూ ఉన్నయి. తుత్తురుబెండ ఆకుల కషాయం తాగితే రెండూ పోతయని వాట్సాప్‌లో వచ్చింది. రోజూ పొద్దున గ్లాసెడు తాగుతున్నడు, షుగర్ గోలీలు ఆపేస్తా అంటున్నడు. తాగనియ్యొచ్చా?
*ఓ పాఠకురాలు, దేవరకొండ*

గోలీలు ఆపనివ్వకండి. మిగతాది ఆ తర్వాత మాట్లాడుకుందాం.

మొక్కకు మందు గుణం లేదని నేననను. చరకసంహితలో బలాన్నిచ్చే పది మూలికల వర్గం ఒకటుంది, అందులో బల, అతిబల రెండూ ఉన్నాయి. తమిళనాడులో దీన్ని తుత్తి అంటారు, ఆకును ఆముదంలో వెచ్చబెట్టి మొలల మీద కట్టడం అక్కడి సిద్ధ వైద్యంలో పాత పద్ధతి. ఆకులో జిగురు ఎక్కువ కాబట్టి మంట, వాపు ఉన్నచోట మెత్తగా నూరి కడితే ఉపశమనం అనిపించడంలో ఆశ్చర్యం లేదు, మన ఊళ్లల్లో సెగ్గడ్డలకు కట్టేదీ అందుకే. వేరును మూత్రం సాఫీగా రావడానికి, గింజను విరేచనం మెత్తబడడానికి వాడతారు.

షుగర్ సంగతి వేరు. ఈ ఆకు సారం ఎలుకల్లో రక్తంలో చక్కెర తగ్గించినట్టు ప్రయోగాలున్నాయి, వాట్సాప్ మెసేజ్ పుట్టింది అక్కడే అయ్యుంటుంది. కానీ ప్రయోగశాలలో ఎలుక బరువును బట్టి కొలిచి ఇచ్చిన సారం, మనం గుప్పెడాకులు వేసి మరిగించిన గ్లాసు ఒకటి కావు. ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. కషాయం పని చేయకపోతే గోలీలు ఆపిన మనిషికి షుగర్ చెప్పకుండా పెరుగుతుంది. ఒకవేళ పని చేస్తే, గోలీలూ కషాయమూ కలిసి షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. ఏం తాగుతున్నాడో డాక్టర్‌కు చెప్పండి, దాచొద్దు. మన దగ్గర చాలామంది నాటుమందు సంగతి డాక్టర్‌కు చెప్తే తిడతాడని దాస్తారు, తిడితే తిట్టనివ్వండి.

మొలలకు పైన కట్టుకోవడం వరకైతే అభ్యంతరం లేదు, పుండు పడి రక్తం కారుతున్నచోట మాత్రం ఆకు నూరి పెట్టొద్దు. విరేచనంలో రక్తం పోతుంటే, వయసు మీద పడ్డవాళ్లకైతే ముఖ్యంగా, అది మొలలదే అని ఇంట్లో కూర్చొని తేల్చేయకండి, పెద్దపేగు పరీక్ష చేయించాల్సి రావచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ కషాయాల జోలికి పోవద్దు. ఇంకోటి, హైవే పక్కన, మోరీ గట్టున, మందు కొట్టిన పత్తి చేను అంచున పెరిగిన మొక్క ఆకును ఎంత కడిగినా నోట్లో పెట్టకండి.

మా తమ్ముడు కానిస్టేబుల్ రన్నింగ్‌కు ప్రాక్టీస్ చేస్తున్నడు. దమ్ము పెరుగుతదని ఎవరో ‘బల చూర్ణం’ ఇచ్చిండ్రు, అతిబలే అంట. మంచిదేనా?
*ఓ పాఠకురాలు, జడ్చర్ల*

పైన చెప్పిన తికమక ఇదే చెల్లె. బల అంటే చిరుబెండ, అతిబల అంటే తుత్తురుబెండ. చిరుబెండలో కొద్ది పరిమాణంలో ఎఫెడ్రిన్ ఉంటుంది, గుండె వేగాన్ని, బీపీని పెంచే పదార్థం అది. ఎఫెడ్రిన్ జాతి పదార్థాలున్న ఆహార సప్లిమెంట్లను అమెరికా 2004లో నిషేధించింది, క్రీడల పోటీల్లో కూడా ఇది డోపింగ్ జాబితాలో ఉంది. 1600 మీటర్లు ఎండలో ఉరికే పిల్లాడికి ఎవరో పొట్లంలో కట్టిచ్చిన పొడి ఎందుకు? పొడి అయ్యాక అది ఏ మొక్కో మీరూ నేనూ చెప్పలేం. రెండు గుడ్లు, పల్లీలు, జొన్నరొట్టె, రాత్రి సరైన నిద్ర చూసుకొమ్మనండి. పోలీసు ఉద్యోగానికి పోయేవాడు డోపింగ్ పదార్థంతో మొదలుపెట్టడమేంది మరి.

ఆన్‌లైన్‌లో ‘అబుటిలాన్’ అని లాంతర్లలాగా వేలాడే ఎర్రపూల మొక్క కొన్న. ఆకుల మీద పసుపు మచ్చలు చూసి ముచ్చటపడి తెచ్చుకున్న. వచ్చినప్పుడు బాగుండె, ఏప్రిల్‌లో ఆకులన్నీ రాలిపోయినయి. తుత్తురుబెండ కూడా అబుటిలానే కదా, అది ఎండలో బతుకుతుంటే ఇదెందుకు బతకదు?
*ఓ పాఠకుడు, మహబూబ్‌నగర్*

ఇంటిపేరు ఒకటే, పుట్టిల్లు వేరు. మీరు కొన్నది బ్రెజిల్ వైపు చల్లటి కొండల నుంచి వచ్చిన రకాల సంకరం, ఊటీలో, బెంగళూరులో హాయిగా పూస్తుంది. మన దగ్గర మే నెలలో 43, 44 డిగ్రీల ఎండకు, రాత్రి కూడా తగ్గని వేడికి అది తట్టుకోలేదు. ఇంకా కాండం పచ్చిగా ఉంటే మూడో వంతుకు కత్తిరించి, పొద్దుటెండ మాత్రమే పడే తూర్పు గోడ పక్కన పెట్టి, కుండీ మీద ఎండుగడ్డి పరిచి చూడండి. చలికాలంలో పూసే మొక్కగా అనుకొని పెంచితే కొంత తృప్తి ఉంటుంది, ఏడాదంతా పూయాలనుకుంటే నిరాశే.

ఆకుల మీది పసుపు మచ్చల ముచ్చట ఒకటి చెప్పాలి. అబుటిలాన్‌లలో ఆ మచ్చలున్న రకాల్లో చాలావాటికి ఆ అందం ఇచ్చింది ఒక వైరస్. 1868లో వెస్టిండీస్ నుంచి ఇంగ్లండుకు వచ్చిన ఒక మచ్చల మొక్కను చూసి అక్కడి నర్సరీలు మురిసిపోయి అంటుకట్టి అమ్ముకున్నాయి, అది రోగమని తర్వాతెప్పుడో తేలింది. ఇంట్లో కుండీలో ఉంటే పరవాలేదు, బెండ, పత్తి దగ్గర మాత్రం పెట్టకండి.

మీకు ఎర్రగా పూసే, ఎండకు తట్టుకునే గుబురు మొక్కే కావాలంటే ఎప్పటికీ విచ్చుకోకుండా మొగ్గలాగే కిందికి వేలాడే మందారం ఉంది చూడండి, నర్సరీల్లో స్లీపింగ్ హైబిస్కస్ అని అడిగితే ఇస్తారు. అదీ ఈ కుటుంబమే, మెక్సికో వైపుది. బలపం మందం కొమ్మ జానెడు నరికి వానాకాలంలో గుచ్చితే చాలు. కంచెకు కూడా బాగుంటుంది, తేనెపిట్టలు వస్తాయి.

తుత్తురుబెండ పూలు బతుకమ్మకు పెట్టొచ్చా? తంగేడు దొరుకుడు కష్టమైతుంది.
*ఓ పాఠకురాలు, కల్వకుర్తి*

పెట్టొద్దని ఎవరూ అనరు గానీ నిలవదమ్మా. మధ్యాహ్నం విచ్చుకుంటుంది, చీకటిపడేసరికి ముడుచుకుంటుంది. దాని కాడకు పువ్వు కింద కొంచెం దూరంలోనే ఒక కణుపు ఉంటుంది, వరుసలో అమర్చేటప్పుడు సరిగ్గా అక్కడే విరుగుతుంది. పైన గౌరమ్మ చుట్టూ నాలుగు పెట్టుకోండి, సరదాగా ఉంటుంది. వరుసలకు గునుగు, బంతి, కట్ల పూలే నమ్మకం. తంగేడు కావాలంటే ఊరి బయట బీడులో గింజలు చల్లుకోండి, అది కూడా చెల్కలో ఊరికే వస్తుంది.

మందారం ఆకులు పసుపెక్కుతున్నయి, ఈనెలు మాత్రం పచ్చగున్నయి. మొగ్గలు రాలిపోతున్నయి. బోరు నీళ్లు పోస్తున్నం, ఫ్లోరైడ్ వల్లనా?
*ఓ పాఠకురాలు, మునుగోడు*

మన జిల్లాలో ఏది జరిగినా ఫ్లోరైడ్ మీదికే పోతుంది మనసు, పోవడంలో తప్పు లేదు, ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగిన ఊళ్లు మనవి. కానీ ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కడం, అదీ లేత ఆకులతో మొదలవడం, ఇనుము అందకపోతే వచ్చే లక్షణం. బోరు నీళ్లలో క్షారం ఎక్కువ, అవే పోస్తూ పోతే కుండీ మట్టి కూడా క్షారంగా మారుతుంది, అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సాయంత్రం పూట ఆకుల మీద కొట్టండి, వారం ఆగి ఇంకోసారి. వానాకాలంలో డాబా మీది నీళ్లు డ్రమ్ముకు పట్టుకొని కుండీలకు వాడండి. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే, కింది రంధ్రం నుంచి ధారగా కారేదాకా ఒకసారి నిండుగా వాననీళ్లు పోసి ఉప్పు కడిగేయాలి.

మొగ్గలు రాలడానికి ఇంకో కారణం ఉండొచ్చు. రాలిన మొగ్గను గోటితో చీల్చి చూడండి. లోపల చిన్న తెల్లటి పురుగులుంటే రాలినవన్నీ ఏరి కాల్చేయాలి, మట్టిలో వదిలితే అక్కడే పెరిగి మళ్లీ ఎగురుతాయి. పురుగులు లేకపోతే నీళ్ల తేడా, ఒకరోజు ఎండబెట్టి ఇంకోరోజు ముంచెత్తితే మందారం మొగ్గ నిలుపుకోదు.

తుత్తురుబెండకు ఆయుర్వేద కంపెనీల్లో గిరాకీ ఉందంట. ఎకరం వేద్దామనుకుంటున్న. లాభమేనా?
*ఓ యువరైతు, అచ్చంపేట*

తమ్ముడూ, కొనేవాళ్లు ఉన్నమాట నిజమే, వేరుకూ, ఎండబెట్టిన మొక్కకూ వ్యాపారం ఉంది. అయితే ఇది బీడుల్లో, రోడ్ల పక్కన పైసా ఖర్చు లేకుండా దొరికే మొక్క. అట్లా ఏరి తెచ్చి అమ్మేవాళ్లతో నువ్వు ధర దగ్గర పోటీపడాలి, నీకేమో దుక్కి, కూలి, వేర్లు తవ్వే ఖర్చు. చుట్టూ పత్తి వేసినవాళ్లు నీ మీదికి కొట్లాటకొస్తారు, పైన చెప్పిన కారణాలకు వాళ్ల కోపం న్యాయమే. ఎవరైనా విత్తనం అంటగట్టి ‘పంట మేమే కొంటాం’ అంటే, ఏ ధరకు, ఎంత తేమతో, వేరు ఒక్కటేనా మొక్క మొత్తమా, డబ్బులు ఎన్ని రోజుల్లో అన్నవి కాగితం మీద రాయించుకో. రాయనంటే విత్తనం తిరిగిచ్చేయ్. ఉచితంగా సలహా కావాలంటే జాతీయ ఔషధ మొక్కల బోర్డు పథకాల గురించి మీ ఉద్యాన శాఖ ఆఫీసులో అడుగు, వాళ్ల జాబితాలో ఏ మొక్కలకు సాయం ఉందో చూసుకొని అప్పుడు నిర్ణయించుకో. అప్పటిదాకా ఆ ఎకరంలో ఎప్పుడూ వేసే జొన్నో, కందో వేసుకో.